టెక్ సందేహాలు: కన్సోల్‌లో ఏ షూటర్ గొప్పది? బొటనవేలిని అడగండి

పండగ సెలవులు అయిపోయాయి, ఉత్తరాలు మొదలయ్యాయి. ఈసారి ఫోన్ బ్యాటరీలు, ప్రింటర్లు పక్కన పెడుతున్నాను. కోనసీమ నుంచీ, గోదావరికి అటు పడమర వైపు నుంచీ వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి: టీవీకి కలిపి ఆడే తుపాకీ ఆటలు.

అమలాపురం నుంచి ఒక పాఠకుడు: సంక్రాంతికి అందరం మా పెద్దమ్మగారింట్లో కలిశామండి. పీఎస్5 (ప్లేస్టేషన్ 5 కన్సోల్) ఉంది. కన్సోల్‌లో బెస్ట్ ఫస్ట్ పర్సన్ షూటర్, అంటే ఆటలోని మనిషి కళ్లతోనే చూస్తూ కాల్చే ఆట, ఏది అని మొదలైన మాట భోజనాల దగ్గర కూడా తెగలేదు. మా బావ కాల్ ఆఫ్ డ్యూటీ అంటాడు. నేను డూమ్ అంటాను. భీమవరంలో ఇంజినీరింగ్ చదివే మా తమ్ముడు అసలు మౌస్ లేకుండా ఆడేది షూటరే కాదంటాడు. మీరే తేల్చాలి.

ముందు మీ తమ్ముడి మాట తీసుకుంటాను. అందులో సగం నిజం ఉంది, ఆ సగం అర్థమైతే మిగతా తగువు దానంతట అదే తేలిపోతుంది. మౌస్ పట్టుకుంటే గురి పెట్టడానికి మణికట్టూ మోచెయ్యీ రెండూ సాయం వస్తాయి, చెయ్యి ఎంత జరిపితే చూపు అంతే జరుగుతుంది. కంట్రోలర్‌లో ఆ పనంతా కుడి బొటనవేలు ఒక్కటే చెయ్యాలి. అదీగాక స్టిక్, అంటే బొటనవేలి కింద ఉండే చిన్న పుల్ల, చెప్పేది ఎంత దూరం తిరగాలో కాదు, ఎంత వేగంగా తిరగాలో. మౌస్ వేలుపెట్టి చూపించడం లాంటిదైతే, స్టిక్ పంటు నడపడం లాంటిది, రేవు వచ్చాక ఆపుదామంటే కుదరదు, రాకముందే చెయ్యి తగ్గించాలి. అందుకే ఒకే ఆటలో మౌస్ వాళ్లనీ కంట్రోలర్ వాళ్లనీ కలిపితే ఎప్పుడూ గొడవే. వాలొరాంట్ అనే పీసీ షూటర్ 2024లో కన్సోల్‌కి వచ్చినప్పుడు కన్సోల్ వాళ్లు పీసీ వాళ్లతో తలపడకుండా వేరుగానే ఉంచారు, అది సరైన నిర్ణయం అని నా నమ్మకం.

కానీ తమ్ముడు వదిలేసిన రెండో సగం ఉంది. మౌస్ కోసం తయారైన ఆటని తెచ్చి కంట్రోలర్ చేతికిస్తే బాగోదు, నిజమే. మొదటి రోజు నుంచీ బొటనవేలిని దృష్టిలో పెట్టుకుని కట్టిన ఆట సంగతి వేరు. కన్సోల్‌లో ఏది గొప్ప అని అడిగినప్పుడు నేను చూసేది ఇదొక్కటే. బొమ్మలు ఎంత బాగున్నాయి, తుపాకులు ఎన్ని ఉన్నాయి అన్నవి తర్వాత.

1997లో నింటెండో 64 మీద గోల్డెన్‌ఐ 007 వచ్చింది. ఆ కంట్రోలర్‌కి ఉన్నది ఒక్కటే స్టిక్. అయినా నలుగురు ఒకే టీవీ ముందు కూర్చుని తెరని నాలుగు ముక్కలు చేసుకుని ఆడారు. ఎడమ స్టిక్‌తో నడక, కుడి స్టిక్‌తో చూపు అనే ఇప్పటి పద్ధతి 2000లో ప్లేస్టేషన్ మీద ఏలియన్ రిసరెక్షన్ ఆటలో వస్తే, ఇదేం పద్ధతి అని విమర్శించినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లని తప్పు పట్టలేం. ఇవాళ్టికీ మా మావయ్య చేతికి కంట్రోలర్ ఇస్తే మొదటి రెండు నిమిషాలు ఆకాశం చూస్తూ గోడకి అడ్డంగా నడుస్తారు, రెండు బొటనవేళ్లు రెండు వేర్వేరు పనులు చెయ్యడం ఒంటికి కొత్త మరి.

ఆ ముడి విప్పింది 2001 నవంబర్‌లో మొదటి ఎక్స్‌బాక్స్‌తో పాటు వచ్చిన హేలో. దాన్ని తయారుచేసిన బంగీ వాళ్లు చేసిన పని చూడండి. గురి శత్రువు మీదికి వచ్చినప్పుడు చూపు తిరిగే వేగం కాస్త తగ్గుతుంది, దీన్నే ఎయిమ్ అసిస్ట్ అంటున్నాం. చేతిలో రెండే తుపాకులు, కాబట్టి వరసలో వెతుక్కునే పని లేదు. గ్రెనేడ్ విసరడానికి ఎడమ ట్రిగ్గర్‌ని (చూపుడువేలితో నొక్కే మీట) విడిగా కేటాయించారు, అంటే తుపాకీ దించకుండానే విసరొచ్చు. దెబ్బలు తగిలితే కాసేపు చాటుకి వెళ్తే కవచం తిరిగి నిండుతుంది. ఇవి ఒక్కొక్కటీ చిన్నవే, అన్నీ కలిసి బొటనవేలి మీద బరువు సగం తీసేశాయి. ఆ తర్వాత వచ్చిన కన్సోల్ షూటర్లలో ఈ అప్పు లేని ఆట అరుదు.

మీ బావ చెప్పిన కాల్ ఆఫ్ డ్యూటీకి వస్తే, 2007 నాటి మోడరన్ వార్‌ఫేర్‌కి నేను కూడా దణ్ణం పెడతాను. అప్పట్లో చాలా కన్సోల్ ఆటలు సెకనుకి 30 ఫ్రేములతో (తెర మీద మారే బొమ్మలతో) సరిపెట్టుకుంటుంటే అది 60కి గురిపెట్టింది. 30 దగ్గర ఒక్కో ఫ్రేముకి 33 మిల్లీసెకన్లు, 60 దగ్గర 17 లోపే. బొటనవేలు కదిపినదానికి తెర ఎంత త్వరగా బదులిస్తే చెయ్యి అంత తేలిగ్గా నమ్ముతుంది. క్యాంపెయిన్‌లో, అంటే కథ నడిచే భాగంలో, ఎడమ ట్రిగ్గర్ నొక్కితే గురి దగ్గర్లో ఉన్న శత్రువు మీదికి తనే వెళ్లి ఆగేది. బావ వాదనలో బలం ఉంది. కాకపోతే ఇప్పుడొచ్చే ఏడాదికో కాల్ ఆఫ్ డ్యూటీలో 100 జీబీ పైన ఇన్‌స్టాల్, మెనూల్లో మెనూలు, దుకాణం ప్రకటనలు దాటుకుని ఆట దగ్గరికి వెళ్లేసరికి నాకు ఓపిక అయిపోతోంది.

2016 డూమ్ వేరే దారి పట్టింది. రీలోడ్ లేదు, చాటుకి దాక్కోవడం లేదు, ప్రాణం తగ్గితే వెనక్కి కాదు ముందుకే వెళ్లాలి, దెబ్బతిన్న రాక్షసుణ్ణి దగ్గరికెళ్లి చంపితేనే ఆరోగ్యం రాలుతుంది. దగ్గరగా పోట్లాడేవాడికి వెంట్రుకవాసి గురి అక్కర్లేదు కదా, అందుకని కంట్రోలర్‌తో కూడా అంత వేగం నడుస్తుంది. మీ ఎంపిక తప్పని ఎవరూ అనలేరు.

అయినా ఒక్క పేరే చెప్పమంటే, ఇవాళ మీ పీఎస్5లో వేసుకుని ఆడటానికి నేను టైటన్‌ఫాల్ 2 చెప్తాను. 2016 అక్టోబర్ 28న వచ్చింది, పాపం దానికి వారం ముందు బాటిల్‌ఫీల్డ్ 1, వారం తర్వాత కొత్త కాల్ ఆఫ్ డ్యూటీ, రెండు పెద్ద లారీల మధ్య సైకిల్ లాగా నలిగిపోయింది. పీఎస్4 ఆటే, పీఎస్5లో చక్కగా నడుస్తుంది, తరచూ బాగా తగ్గింపు ధరకి పెడతారు. క్యాంపెయిన్ ఆరేడు గంటలే. గోడల మీద పరిగెత్తుతూ, గాల్లో రెండో గెంతు వేస్తూ వెళ్తుంటే గురి తప్పినా కాళ్లతో సర్దుకోవచ్చు, అంటే కుడి బొటనవేలు చేయలేనిది ఎడమ బొటనవేలు చేసిపెడుతుంది. అందులో ఎఫెక్ట్ అండ్ కాజ్ అనే ఘట్టం ఉంది. కాలిపోయి కూలిన పరిశోధనశాలలో నిలబడి ఉంటారు, ఎదురుగా మంట, దారి లేదు. ఒక్క బటన్ నొక్కితే అదే నడవా ప్రమాదానికి ముందు రోజుల్లో ఉన్నట్టు మారిపోతుంది, దీపాలు వెలుగుతూ, నేల మెరుస్తూ, ఎదురుగా తుపాకులతో కాపలావాళ్లు. మళ్లీ నొక్కితే మళ్లీ శిథిలం. కాసేపటికి ఒక గోడ ఈ కాలంలో, తర్వాతి గోడ ఆ కాలంలో ఉంటాయి, గాల్లో ఉండగానే కాలం మార్చి దాని మీద కాలు పెట్టాలి. ఆ గెంతు మొదటిసారి కుదిరినప్పుడు నేను కంట్రోలర్ కింద పెట్టి లేచి నిలబడ్డాను.

అంటే చరిత్రలో పెద్దపీట హేలోకి, ఇప్పటి ఆటకి టైటన్‌ఫాల్ 2కి. హేలో పీఎస్5లో ఎక్కడుందండీ అంటారేమో, ఆ మొదటి ఆట క్యాంపెయిన్‌ని కొత్తగా కట్టి 2026లో పీఎస్5కి కూడా తెస్తామని 2025 అక్టోబర్‌లో ప్రకటించారు.

పాలకొల్లు: కొత్త 55 అంగుళాల టీవీ తీసుకున్నాం. ట్రిగ్గర్ నొక్కాక తుపాకీ కాస్త ఆగి పేలుతున్నట్టుంది. కంట్రోలర్ మార్చాలా?

కంట్రోలర్ జోలికి వెళ్లకండి, తొంభై పాళ్లు అది టీవీ పనే. బొమ్మని అందంగా చూపించడానికి టీవీ ప్రతి ఫ్రేమునీ పట్టుకుని నునుపు చేస్తుంది, మధ్యలో లేని ఫ్రేములు కల్పిస్తుంది, ఈ పని అయ్యేదాకా మీ తూటా ఆగుతుంది. సినిమాకి నష్టం లేదు, షూటర్‌కి ప్రాణం మీదికొస్తుంది.

దీన్ని కొలవొచ్చు. మా బంధువుల ఇంట్లో ఇదే ఫిర్యాదు వస్తే ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ పెట్టి, కంట్రోలర్, టీవీ రెండూ ఒకే ఫ్రేములో పడేలా వీడియో తీశాం. వేలు ట్రిగ్గర్‌ని పూర్తిగా నొక్కిన ఫ్రేము నుంచి తుపాకీ మూతి దగ్గర మెరుపు కనిపించిన ఫ్రేము దాకా ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెట్టాం. 46 వచ్చాయి. ఒక్కోటి సుమారు 4 మిల్లీసెకన్లు, అంటే దాదాపు 190. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేసి మళ్లీ తీస్తే 23. సగం ఆలస్యం ఒక్క స్విచ్‌తో పోయింది. మీ టీవీలో కూడా కన్సోల్ తగిలించిన ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి గేమ్ మోడ్ పెట్టండి, కొన్ని టీవీల్లో ఒక్కో పోర్టుకి విడిగా పెట్టాలి. పిక్చర్ కాస్త పాలిపోయినట్టు కనిపిస్తుంది, రెండు రోజుల్లో కళ్లకి అలవాటైపోతుంది.

రాజోలు దగ్గర ఒక లంక గ్రామం నుంచి: ఇక్కడ నెట్ అంతంతమాత్రం. అన్నదమ్ములం నలుగురం ఒకే టీవీ మీద ఆడుకోవాలి. ఏం కొనాలి?

మీ ప్రశ్న నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఒకే గదిలో భుజం భుజం తగులుతూ ఆడటం కోసమే ఈ ఆటలు కన్సోల్‌లో పుట్టాయి. ఇప్పటి కంపెనీలు దీన్ని మెల్లగా వదిలేస్తున్నాయి. 2015లో హేలో 5 స్ప్లిట్ స్క్రీన్, అంటే ఒకే తెరని పంచుకుని ఆడే సౌకర్యం, తీసేసింది. తర్వాతి హేలో ఇన్ఫినిట్ క్యాంపెయిన్‌కి ఇస్తామన్నారు, 2022లో రద్దు చేశారు. అది నాకు ఇప్పటికీ బాధే.

మీకు ఎక్స్‌బాక్స్ అయితే హేలో మాస్టర్ చీఫ్ కలెక్షన్ తీసుకోండి, మల్టీప్లేయర్‌లో నలుగురు, క్యాంపెయిన్‌లో ఇద్దరు ఒకే తెర మీద ఆడొచ్చు. గోల్డెన్‌ఐ కూడా 2023లో ఎక్స్‌బాక్స్‌కి తిరిగొచ్చింది, నలుగురికీ చోటుంది. పీఎస్5 అయితే బోర్డర్‌ల్యాండ్స్ 3, అందులో నలుగురు స్ప్లిట్ స్క్రీన్ ఉంది, ఒకరి మీద ఒకరు కాకుండా అందరూ ఒక జట్టుగా ఆడే ఆట, పెద్ద టీవీ అయితేనే అక్షరాలు కనిపిస్తాయి.

డిస్క్ కొంటే డౌన్‌లోడ్ తప్పుతుందని మాత్రం అనుకోకండి. 2022 మోడరన్ వార్‌ఫేర్ 2 పీఎస్5 డిస్క్‌లో ఉన్న డేటా 100 ఎంబీ కూడా లేదు, మిగతాదంతా నెట్ నుంచే. కన్సోల్‌ని ఒక సంచిలో జాగ్రత్తగా పెట్టుకుని ఫైబర్ ఉన్న చుట్టాలింటికి తీసుకెళ్లి, రాత్రి డౌన్‌లోడ్ పెట్టి, పొద్దున్నే తెచ్చుకోవడమే మీకు సులువైన దారి. కరెంటు పోయే చోట చిన్న యూపీఎస్ ఒకటి పెట్టండి, ఆట సేవ్ చేసి ఆపే వ్యవధి దొరికితే చాలు.

రామచంద్రపురం నుంచి ఒక అమ్మ: మా బాబుకి పదేళ్లు. స్నేహితులంతా కాల్ ఆఫ్ డ్యూటీ ఆడుతున్నారని ఏడుస్తున్నాడు. ఇవ్వచ్చా అండీ?

వద్దండి. ఆ ఆటలకి యూరప్ రేటింగ్ 18, అట్టపెట్టె మీదే ఉంటుంది. రక్తం సంగతి అలా ఉంచండి, ఆన్‌లైన్‌లో హెడ్‌సెట్‌లో ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లు మాట్లాడే మాటలు పదేళ్లవాడు వినకూడదు. పీఎస్5 కొంటే ఆస్ట్రోస్ ప్లేరూమ్ అందులోనే ఉచితంగా ఉంటుంది, ముందు అది ఆడించండి. రాకెట్ లీగ్ కూడా ఉచితమే, కార్లతో ఫుట్‌బాల్. సెట్టింగుల్లో ఫ్యామిలీ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి బాబుకి వేరే అకౌంట్ చేసి వయసు పెడితే, పెద్దల ఆటలు, అపరిచితుల చాటింగ్ రెండూ ఆగుతాయి. మీ అకౌంట్‌కి పాస్‌కోడ్ పెట్టడం మర్చిపోకండి, లేకపోతే ఇదంతా వృథా.

తణుకు: అరగంట ఆడితే తల తిరిగి వాంతి వస్తున్నట్టుంటుంది. ఆట మానెయ్యాలా?

మానక్కర్లేదు. ఆట సెట్టింగుల్లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెర మీద ఎంత వెడల్పు కనిపించాలో చెప్పేది) అని ఉంటే 90 పైకి పెంచండి, కదిలేటప్పుడు బొమ్మని మసకగా చేసే మోషన్ బ్లర్ తీసెయ్యండి, నడిచేటప్పుడు తెర ఊగే హెడ్ బాబ్ ఆపండి. టీవీకి ఇంకో మూడడుగులు వెనక్కి జరగండి, గదిలో లైటు వేసి ఉంచండి. ఒంట్లో తేడాగా అనిపించిన క్షణంలోనే ఆపాలి, ఓర్చుకుని ఆడితే ఇంకా ఎక్కువవుతుంది.

నరసాపురం: స్టిక్ వదిలేసినా చూపు దానంతటదే ఎడమకి జారుతోంది.

దీన్ని డ్రిఫ్ట్ అంటారు. మామూలు స్టిక్‌లో లోపల ఒక చిన్న అరిగే పట్టీ ఉంటుంది, దాని మీద ముల్లు రాసుకుంటూ స్టిక్ ఎక్కడుందో చెబుతుంది, అది అరిగితే తప్పు చెబుతుంది. ముందు ఆటలో డెడ్ జోన్ (స్టిక్ ఎంత కదిలేదాకా ఆట పట్టించుకోకూడదో చెప్పే సెట్టింగు) 5 నుంచి 10కి, అలా కొంచెం కొంచెంగా, జారడం ఆగేదాకా పెంచండి. 20 దాటినా ఆగకపోతే స్టిక్ మార్పించాల్సిందే. వారంటీ ఉంటే ముందు సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లండి, విప్పారో వారంటీ పోతుంది. లేకపోతే టంకం పని తెలిసిన మెకానిక్ దగ్గర అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు వేయించండి, రాపిడి ఉండదు కాబట్టి వాటికి ఈ రోగం రావడం చాలా అరుదు. వేసిన తర్వాత కాలిబ్రేషన్ (స్టిక్ మధ్య స్థానాన్ని సరిచెయ్యడం) కూడా చేసి ఇమ్మని గట్టిగా అడగండి, అది చెయ్యకపోతే కొత్త స్టిక్ కూడా మొదటి రోజే పక్కకి జారుతుంది.