ఫస్టియర్ స్టాటిస్టిక్స్ చెప్పబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీకు డిగ్రీ ఫస్టియర్ స్టాటిస్టిక్స్ పేపర్ ఇచ్చారని తెలిసి చాలా సంతోషమేసింది. పెద్దవాళ్లు పీజీ క్లాసులు తీసుకుని దీన్ని కొత్తగా చేరినవాళ్లకి అప్పగించేస్తుంటారు గానీ, నన్నడిగితే డిపార్ట్‌మెంట్ మొత్తంలో కష్టమైన క్లాసు ఇదే. నీ ముందు కూర్చునేవాళ్లలో కొందరు ఇంటర్ రెండేళ్లూ ప్రశ్న చూడగానే ఫార్ములా వెతుక్కోవడానికి అలవాటుపడ్డవాళ్లు, ఇంకొందరు లెక్కలంటేనే టెన్షన్ పడేవాళ్లు. ఇద్దరికీ ఒక్కటే చెయ్యి: లెక్క మొదలుపెట్టే ముందు జవాబు ఎంత రావచ్చో ఊహించి కాగితం మీద రాయించు. ఒకసారి రాశాక ఆ జవాబు వాళ్ల సొంతమవుతుంది, అది తప్పితే ఎందుకు తప్పిందో తెలుసుకోకుండా ఊరుకోలేరు.

సగటు చెప్పే రోజు నిర్వచనం జోలికి పోకు. కాలేజీల గేట్ల దగ్గర కట్టే ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలు వాళ్లు రోజూ చూసేవే, అక్కడి నుంచి ఎత్తుకో. 'ఇరవై మందికి ఉద్యోగాలొచ్చాయి, యావరేజ్ ప్యాకేజీ 5.5 లక్షలు' అని బోర్డు మీద రాసి, ఇందులో ఎంతమందికి ఐదున్నరో అంతకన్నా ఎక్కువో వచ్చుంటుందని అడుగు. చాలామంది పది అని రాస్తారు. అప్పుడు అంకెలు బయటపెట్టు: 19 మందికి 3.5 లక్షల చొప్పున, ఒక్కరికి 43.5 లక్షలు. మొత్తం 110, ఇరవైతో భాగిస్తే సరిగ్గా 5.5. మధ్యగతం (అంకెల్ని వరుసలో పేరిస్తే నడిమధ్యన వచ్చేది) ఎందుకు కావాలో ఇక నువ్వు చెప్పక్కర్లేదు.

శాంపిల్ వేరియన్స్ (శాంపిల్‌లోని అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) దగ్గర మాత్రం బాగా నిదానించు. సగటు నుంచి తేడాల వర్గాల మొత్తాన్ని ఎన్‌తో (శాంపిల్‌లో ఎన్ని అంకెలుంటే అంత) కాకుండా ఎన్ మైనస్ వన్‌తో ఎందుకు భాగిస్తామని ఎవరో ఒకరు అడుగుతారు, అడగకపోతే నువ్వే అడుగు, 'డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్' అనేసి దాటేయకు. బోర్డు మీద 2, 4, 6 రాసి ఇదే మొత్తం పాపులేషన్, అంటే ఉన్న అంకెలన్నీ ఇవే అనుకోమను. సగటు 4, వేరియన్స్ 8/3. ఇందులోంచి ఒకటి తీసి, మళ్లీ వేసేసి, ఇంకొకటి తీస్తే రెండేసి అంకెల శాంపిల్స్ తొమ్మిది వస్తాయి. తొమ్మిదింటికీ వేరియన్స్ పిల్లల చేతే కట్టించు, ఎడమవైపు బెంచీలవాళ్లు రెండుతో, కుడివైపువాళ్లు ఒకటితో భాగించాలి. ఆ తొమ్మిదింటి సగటు ఎడమవైపు 4/3 వస్తుంది, అంటే అసలులో సగమే. కుడివైపు కచ్చితంగా 8/3. నిరూపణ మర్నాడు చెప్పుకోవచ్చు, సిలబస్ ఒక రోజు వెనకబడ్డా ఫర్వాలేదు.

సంభావ్యతకి రూపాయి బిళ్ల చాలు. సగం క్లాసుని నిజంగా వందసార్లు ఎగరేసి బొమ్మా బొరుసూ వరుసగా రాయమను, మిగతా సగాన్ని ఎగరేయకుండా కల్పించి రాయమను, నువ్వు బయట నిలబడి తర్వాత వచ్చి ఏ కాగితం ఏదో చెప్పు. వందసార్లు ఎగరేస్తే వరుసగా ఐదుసార్లు ఒకే ముఖం పడే చోటు దాదాపు ఎప్పుడూ ఉంటుంది, కల్పించేవాళ్లు మాత్రం మూడు నాలుగు కాగానే మార్చేస్తారు. పీ వాల్యూ (అంతా యాదృచ్ఛికమే అనుకుంటే ఇలాంటి ఫలితమో ఇంతకన్నా విపరీతమైనదో వచ్చే సంభావ్యత) చెప్పేటప్పుడు ఈ కాగితాలే మళ్లీ పనికొస్తాయి, పారేయకు.

తెలియని ప్రశ్న వస్తే రేపు చెబుతానను, చెప్పినట్టే మర్నాడు చెప్పు. మన విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చదివిన స్టాటిస్టీషియన్ సి.ఆర్. రావు గారు పాతికేళ్లు కూడా నిండకముందే కలకత్తాలో అంచనాల కచ్చితత్వం గురించి పాఠం చెబుతుంటే, దండేకర్ అనే విద్యార్థి 'పెద్ద శాంపిల్స్‌కి చెప్పిన ఈ ఫలితం చిన్నవాటికి వర్తించదా' అన్న అర్థంలో అడిగాడట. ఆయన ఆ రాత్రి కూర్చుని తేల్చి మర్నాడు క్లాసులో చెప్పారు, 1945లో అచ్చయింది. నువ్వు పీజీలో చదువుకున్న క్రామర్-రావు బౌండ్ (పక్షపాతం లేని ఏ అంచనాకైనా వేరియన్స్ ఇంతకన్నా తగ్గదని చెప్పే హద్దు) అదే. అందుకని వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్ననైనా సిలబస్‌లో లేదని కొట్టిపారేయకు.

ఇంటర్నల్ పరీక్షలో లెక్కలతోపాటు మాటల్లో రాయాల్సిన ప్రశ్నలు కూడా పెట్టు. రెండు ఊళ్ల సగటు వర్షపాతం ఒకటే, ఒకదాని ప్రామాణిక విచలనం (వేరియన్స్‌కి వర్గమూలం) రెండోదానికి రెట్టింపు, ఏ ఊరి రైతుకి కష్టం, ఎందుకు? ఇలాంటివి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లీషులో రాయలేక వదిలేస్తుంటే తెలుగులో రాయమను, దిద్దేది నువ్వే కదా. పేపర్ సెట్ చేశాక నాకొకసారి పంపు, చూస్తాను.