చుక్క మాయం కాకపోవడానికి కారణం ఆ 4 సెంటీమీటర్లే

ఒక కన్ను మూసి ప్లస్ గుర్తునే చూస్తుంటే పక్కనున్న చుక్క మాయమయ్యే అంధచుక్క ప్రయోగం చేశామనీ, చుక్క మాత్రం పోలేదనీ అడిగారు. ప్లస్ గుర్తుకీ చుక్కకీ మధ్య 4 సెం.మీ. వదిలి, కాగితాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూశామన్నారు కదండీ, చిక్కంతా అక్కడే. అంధచుక్క, అంటే ఒక్కో కంటికి ఏమీ కనపడని చిన్న చోటు, మన చూపు మధ్య నుంచి చెవి వైపుకి సుమారు 15 డిగ్రీల పక్కన ఉంటుంది. ఆ లెక్కన 4 సెం.మీ. ఎడానికి కాగితం కంటికి 15 సెం.మీ. దగ్గరకి రావాలి. అంత దగ్గరైతే చాలామంది పెద్దవాళ్లకి అంతా మసకే.

ఎడం 10 సెం.మీ. చేయండి. ఎడమవైపు ప్లస్, కుడివైపు 1 సెం.మీ. వెడల్పు నల్లచుక్క. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ప్లస్‌నే చూస్తూ 50 సెం.మీ. నుంచి మెల్లగా దగ్గరకి తెండి. 37 సెం.మీ. అటూఇటూగా చుక్క పోతుంది. చూపు చుక్క మీదకి జారిందా, మళ్లీ మొదటికే! పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. కాగితం పక్కకి వాలినా అంతే.

చుక్క పోయాక దాని మీదుగా అడ్డంగా గీత గీసి మళ్లీ చూడండి. గీత తెగినట్టు అనిపించదు. కంటి నుంచి మెదడుకి వెళ్లే ఆప్టిక్ నరం బయటికెళ్లే చోటే ఈ అంధచుక్క; అక్కడ రెటీనాలో, అంటే కంటి లోపలి తెరలో, కాంతిని పట్టే కణాలే లేవు (1660లలో దీన్ని కనిపెట్టింది ఎడ్మ్ మారియట్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు). చుట్టూ ఉన్నదాన్ని బట్టి మెదడే ఆ ఖాళీని పూరించేస్తుంది. రెండు కళ్లూ తెరిచి చూస్తే మాత్రం ఏదీ పోదు, ఒక కంటి లోటు రెండోది తీరుస్తుంది.