వచ్చిన సంబంధమే చాలనుకోవాలా?

ప్రశ్న: మేం ముస్లింలం, విజయనగరం కంటోన్మెంట్‌లో ఉంటాం. నాకు 29 ఏళ్లు. రెండేళ్ల క్రితం మా ఆయన గుండెపోటుతో పోయారు. బట్టలు కుట్టి ఐదేళ్ల పాపను పెంచుకుంటున్నాను. అన్నయ్య శ్రీకాకుళం నుంచి ఒక సంబంధం తెచ్చాడు. ఆయనకు 52 ఏళ్లు, ముగ్గురు పిల్లలు. పాపను మా అమ్మ దగ్గర వదిలి రమ్మంటున్నారు. 'భర్త పోయినదానికి ఇంతకంటే మంచిది వస్తుందా' అంటాడు అన్నయ్య. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆస్తిలో వాటా పోతుందని అత్తవారు అంటున్నారు.

జవాబు: అమ్మా, ఆయన చూడటానికి వచ్చిన రోజు పాప మీ కుట్టుమిషను వెనక నక్కి, బాబిన్ గుప్పిట్లో పట్టుకుని, ఆయన వెళ్లేదాకా బయటికి రాలేదని రాశారు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు: వంట వచ్చా, పాప ఎక్కడుంటుంది? ఆయనకు కావలసింది తన పిల్లల్ని చూసుకునే మనిషి. మీకు కావలసింది భర్త, పాపకు తండ్రి. ఈ సంబంధం వద్దని చెప్పేయండి.

అన్నయ్యది చెడ్డ మనసని అనుకోను. నలుగురి నోళ్లకు భయపడి తొందరపడుతున్నాడు. మహమ్మద్ ప్రవక్తను పెళ్లాడేనాటికి ఆయన మొదటి భార్య ఖదీజా వితంతువని అన్నయ్యకు గుర్తు చేయండి. తర్వాత వచ్చిన భార్యల్లోనూ ఆయిషా తప్ప దాదాపు అందరూ అంతకుముందు పెళ్లయినవారే. భర్త పోయాక ఆగాల్సిన నాలుగు నెలల పది రోజుల గడువు, అంటే ఇద్దత్, ముగిశాక నిఖాకు (పెళ్లికి) అడ్డు లేదు. పైగా ఒకసారి పెళ్లయిన స్త్రీ మౌనం అంగీకారం కాదు, నోరు తెరిచి ఒప్పుకోవాలి.

అత్తవారు చెప్పింది తప్పు. పిల్లలున్న భార్యకు భర్త ఆస్తిలో ఎనిమిదో వంతు వస్తుంది. ఆయన కన్నుమూసిన రోజే అది మీదైంది, పెళ్లితో పోదు. పాప వాటా వేరు. పెళ్లప్పుడు భర్త మీకు ఇస్తానన్న సొమ్ము, అంటే మెహర్, బాకీ ఉంటే అది అప్పే, పంపకాలకు ముందే తీర్చాలి. పాత నిఖానామా (పెళ్లి ఒప్పంద పత్రం) వెతికి పెట్టుకోండి.

పాప విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. తల్లి బయటివారిని పెళ్లాడితే పిల్లను తమకిమ్మని తండ్రి తరఫువారు అడగడానికి షరియత్‌లో చోటుంది. కోర్టు మాత్రం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద బిడ్డ క్షేమమే ముందు చూస్తుంది. ఏ సంబంధమైనా ఖాయం చేసుకునే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లకు ఉచితంగా లాయరును పెడతారు.

రేపు మంచి సంబంధం వస్తే, పాప మీతోనే ఉంటుందన్న షరతును, మెహర్ మొత్తాన్ని నిఖానామాలో రాయించండి. అంతకుముందే ఆయనను రెండు మూడుసార్లు ఇంటికి పిలవండి. పాప మిషను వెనక నుంచి బయటికి వస్తుందేమో చూడండి.