పాత అమెరికన్ ఎలక్ట్రోలక్స్ వాక్యూమ్ క్లీనర్ మన 230 వోల్టుల కరెంటు మీద నడుస్తుందా?

మీరు అడిగింది: బాబాయిగారు న్యూజెర్సీ నుంచి తెచ్చిన ఎలక్ట్రోలక్స్ ఎక్స్ఎక్స్ఎక్స్, అంటే మోడల్ 30, ప్లగ్గు మారిస్తే ఇక్కడ నడుస్తుందా, సర్వీసు ఎలా చెయ్యాలి, దాచుకోదగ్గ సరుకేనా అని.

దాచుకోదగ్గదే, అనుమానం అక్కర్లేదు. 1937లో వచ్చిన ఈ మోడల్‌కి రూపం ఇచ్చింది లురెల్ గిల్డ్. చక్రాలు లేకుండా అడుగున స్లెడ్జి బండి పట్టీల్లాంటి రన్నర్లు, ఒంటికి లెదరెట్ (తోలులా కనిపించే గుడ్డ), ముందూ వెనకా మెరిసే లోహం. వాక్యూమ్ క్లీనర్లు సేకరించేవాళ్లు ముందుగా వెతికే మిషన్లలో ఇదొకటి.

కానీ ప్లగ్గు మార్చి నేరుగా 230లో మాత్రం పెట్టకండి. లోపల ఉన్నది యూనివర్సల్ మోటారు, మన మిక్సీలో ఉండే జాతే. ఏసీ, డీసీ రెండిటి మీదా తిరుగుతుంది కాబట్టి 60 హెర్ట్జ్, 50 హెర్ట్జ్ తేడా దానికి పట్టదు. (న్యూయార్క్‌లో కొన్ని భవనాలకు డీసీ సరఫరా 2007 దాకా ఉంది. ఆ రోజుల్లో ఇలాంటి మోటారే పెట్టడానికి అదీ ఒక కారణం.) వోల్టేజీ తేడా మాత్రం తట్టుకోలేదు, ఇది అమెరికాలోని 115 వోల్టులకు చేసిన మిషన్. రెట్టింపు వోల్టేజీకి స్పీడు అదుపు తప్పి, కార్బన్ల దగ్గర (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) మంటలు లేచి, ఆర్మేచర్ (తీగలు చుట్టిన తిరిగే భాగం) మాడిపోతుంది.

స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. మిషన్ మీది రేటింగ్ ప్లేటులో ఉన్న ఆంపియర్లను వోల్టులతో గుణించి, దానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా చూడండి. ఉదాహరణకు 5 ఆంపియర్లు, 115 వోల్టులైతే 575 వాట్లు. 1000 వీఏది (వోల్ట్-ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం) సరిపోతుంది. ప్రయాణాల్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ కన్వర్టర్లు వద్దు. అవి వోల్టేజీని తగ్గించవు, అలను ముక్కలు చేస్తాయంతే. అల శిఖరంలోని 325 వోల్టులు పాత ఇన్సులేషన్ మీద అలాగే పడుతుంది. ఫ్యాను డిమ్మర్‌తోనూ ఇదే గొడవ. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ (ఒకే వైండింగ్, అంటే తీగచుట్ట, ఉన్నది) చవక, కానీ అందులో న్యూట్రల్ తెగితే 230 అంతా మిషన్‌కి చేరుతుంది. బరువైనా రెండు వైండింగులదే కొనమంటాను. దాంట్లో అవుట్‌పుట్ వైపు లీకేజీని ఇంటి ఆర్‌సీసీబీ (లీకేజీ వస్తే కరెంటు ఆపే స్విచ్చు) పట్టుకోదు, అది గుర్తుంచుకోండి.

కరెంటు ఇచ్చే ముందు వైరు చూడండి. ఆ కాలపు రబ్బరు ఎండి, వంచితే పొడిగా రాలుతుంది. పైన గుడ్డ అల్లిక బాగుందని మోసపోవద్దు. ప్లగ్గు దగ్గరా, స్విచ్చు లోపలా విప్పి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. కొత్త వైరు వేసి, పాతది పారేయకుండా చుట్టి పెట్టుకోండి, సేకరణలో దానికీ విలువ ఉంది. ఒళ్లంతా లోహం కాబట్టి మూడు తీగల వైరు వేసి ఎర్తు కలపండి. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) తీగలకూ బాడీకీ మధ్య కొలవండి. 1 మెగాఓమ్ కంటే తక్కువొస్తే ఆగండి. చాలాసార్లు కారణం తేమా, కార్బన్ పొడీనే. శుభ్రం చేసి రెండు మూడు రోజులు వెచ్చగా, పొడిగా ఉన్న చోట పెడితే రీడింగ్ పెరుగుతుంది. పెరగకపోతే వైండింగ్ షాపుకి వెళ్లాల్సిందే, అక్కడ గ్రోలర్ (ఆర్మేచర్‌లో షార్టు కనిపెట్టే పరికరం) మీద ఆర్మేచర్ పరీక్షిస్తారు.

కార్బన్లు తీసేటప్పుడు ఏది ఏ వైపుదో, ఏ ముఖం పైకి ఉందో గుర్తు పెట్టుకోండి. తిరగేసి పెడితే అరిగిన వంపు కమ్యుటేటర్ (ఆర్మేచర్ చివర రాగి పట్టీల భాగం) మీద కూర్చోదు, నిప్పురవ్వలొస్తాయి. అరిగి 6 మిల్లీమీటర్ల కంటే పొట్టిగా మిగిలితే మార్చండి. అదే సైజు దొరకదు కాబట్టి కాస్త పెద్దది తెచ్చి గ్లాస్ పేపర్ మీద రుద్ది, హోల్డర్లో బిగుసుకోకుండా జారేలా చెయ్యాలి. కమ్యుటేటర్ గోధుమరంగులో నున్నగా ఉంటే ముట్టుకోవద్దు, ఆ పొర మంచిదే. నల్లగా కాలిన గుర్తులుంటేనే సన్నటి గ్లాస్ పేపర్. ఎమెరీ పేపర్ వాడకూడదు, దాని రేణువులు రాగి పట్టీల మధ్య గాడుల్లో ఇరుక్కుంటాయి.

బేరింగుల్లో గ్రీజు గట్టిపడి మైనంలా ఉంటుంది. చేత్తో తిప్పితే బరువుగా తిరిగినా, గరగరమన్నా మార్చేయండి. బేరింగ్ మీది నంబరు రాసుకుని సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అడగండి; రెండు వైపులా రేకు షీల్డు ఉన్న జెడ్‌జెడ్ రకం తీసుకోండి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఊరుకుంటే పాత గ్రీజు కరిగి కారి, కార్బన్ల మీదకి చేరుతుంది.

మొదటి స్టార్టుకి డిమ్మర్‌స్టాట్ (వోల్టేజీని కావలసినంతకు తిప్పి పెట్టుకునే ట్రాన్స్‌ఫార్మర్) ఉంటే 30 వోల్టులతో మొదలుపెట్టండి. లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ 115 వైపునే సీరీస్ ల్యాంపు, అంటే మోటారుకి వెళ్లే తీగ మధ్యలో ఒక బల్బు, పెట్టండి. బల్బు 115 వోల్టులదే కావాలి, 100 లేదా 200 వాట్ల ఫిలమెంట్ రకం, ఎల్‌ఈడీ పనికిరాదు. మోటారు మెల్లగా తిరుగుతూ బల్బు మసకగా వెలిగితే సరే. బల్బు పూర్తిగా వెలిగి మోటారు కదలకపోతే షార్టో, జామో అయినట్టు. కొత్త కార్బన్లయితే సగం వోల్టేజీ మీద అరగంట తిప్పండి. కార్బన్ అంచున సన్నటి నీలిరవ్వలు మామూలే. కమ్యుటేటర్ చుట్టూ నిప్పు వలయం తిరిగితే వెంటనే ఆపెయ్యండి.

పూర్తి వోల్టేజీ మీద నడుస్తున్నప్పుడు గొట్టం తగిలించే రంధ్రాన్ని అరచేత్తో మూయండి. మోటారు శబ్దం సన్నబడి పైకి లేవాలి. లోడు పెరిగి అలా అరుస్తోందని చాలామంది అనుకుంటారు. నిజానికి గాలి కదలక లోడు తగ్గి, స్పీడు పెరిగింది. శబ్దం మారకపోతే లీకు మూత రబ్బరు దగ్గరే అయ్యుంటుంది. 3 మిల్లీమీటర్ల స్పాంజి రబ్బరు షీటు కోసి అతికించవచ్చు. గొట్టానికి కూడా ఒక చివర మూసి ఇదే పరీక్ష చెయ్యండి.

ఒక హద్దు మాత్రం దాటొద్దు. ఈ మిషన్లో సంచీ దాటిన గాలే మోటారు గుండా పోయి దాన్ని చల్లబరుస్తుంది. నీళ్లు పీల్చారో, నేరుగా వైండింగ్ మీదకే. సంచీ నిండినా, సన్నటి సిమెంటు దుమ్ము సందులు మూసేసినా మోటారు ఉడికిపోతుంది. ఆఫీసుల్లో వాడే తడి-పొడి కమర్షియల్ మిషన్లు మోటారు చల్లదనానికి వేరే ఫ్యాను పెట్టుకుంటాయి, అందుకే అవి నీళ్లకు తట్టుకుంటాయి. పాత గుడ్డ సంచీని ఉతక్కండి, ముడుచుకుంటుంది. బయటికి తీసుకెళ్లి, మాస్కు పెట్టుకుని దులపండి.

ఇంకొకటి కొనాలనిపిస్తే మన ఇళ్లల్లోనే చూడండి. 1982లో ఎలక్ట్రోలక్స్ భాగస్వామ్యంతో మొదలైన యురేకా ఫోర్బ్స్ ఇంటింటికీ తిరిగి అమ్మిన యూరోక్లీన్‌లు ఇప్పటికీ అటకల మీద ఉన్నాయి. 230 వోల్టులవే, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. గొట్టం, బ్రష్షులు, పెట్టె అన్నీ ఉన్నదైతే రెండో ఆలోచన లేకుండా తీసుకోండి; మోటారు బాగుచేయించుకోవచ్చు, పోయిన ప్లాస్టిక్ ముక్క మళ్లీ దొరకదు.