సమాధానం: యాప్ కోడ్ ఎత్తేశారు, పేటెంట్ తీసుకోవాలా?

గుంటూరు మిర్చి యార్డు వ్యాపారుల కోసం మీరు రాసిన లెక్కల యాప్‌ను హైదరాబాద్‌లో ఎవరో కోడ్‌తో సహా ఎత్తేసి అమ్ముతున్నారని, ఇప్పుడైనా పేటెంట్ చేయించాలా అని అడిగారు. వద్దండీ, ఆ డబ్బు దాచుకోండి. 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు పేటెంట్ రాదు. రాకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. వస్తే పెద్ద కంపెనీలు మీలాంటి ఒంటరి డెవలపర్ల మీదే కేసులు వేసేవి.

మీ అసలు బలం కాపీరైట్. 1957 చట్టం ప్రోగ్రామ్‌ను సాహిత్య రచన కిందే లెక్కేస్తుంది. రాసినప్పుడే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే మాత్రం కోర్టులో సాక్ష్యంగా బాగా పనికొస్తుంది. అయితే రక్షణ మీరు రాసిన కోడ్‌కే. కాటా, కమిషన్ లెక్కగట్టే ఆలోచనతో ఎవరైనా సొంతంగా ఇంకో యాప్ రాసుకోవచ్చు.

పాత కోడ్, తేదీలున్న గిట్ హిస్టరీ (కోడ్‌లో ఎప్పుడేం మార్చారో చూపే రికార్డు), వాట్సాప్ మెసేజ్‌లు ఇవాళే భద్రం చేయండి. తర్వాత లాయర్ నోటీసు. వాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారని టెన్షన్ పడకండి, కాపీరైట్ చట్టం సెక్షన్ 62 కింద మీరు ఉండే జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు.

ఒక్క అనుమానం. ఈ యాప్ ఎక్కడైనా జీతానికి ఉంటూ, ఆ ఉద్యోగంలో భాగంగా రాశారా? అలాగైతే, వేరే ఒప్పందం లేకపోతే హక్కు యజమానిదే. వ్యాపారికి రాతపూర్వకంగా ఏమైనా సంతకం చేశారా? ముందు ఆ కాగితం వెతకండి.