ఎఫ్‌సీయా, ఎఫ్‌డీయా?

చిరంజీవి బాబుకు, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఎర్ర ఎఫ్‌డీ కారు మీదే నీ మనసు పడిందని మొదటి రెండు వాక్యాల్లోనే తెలిసిపోయింది. పడక ఏం చేస్తుంది! 1991లో మాజ్డా తెచ్చిన ఆ ఆర్‌ఎక్స్-7 ఒంటి మీద ఒక్క గీత కూడా అనవసరంగా లేదు. మన అమెరికాలో దాన్ని అమ్మింది 1993 నుంచి 1995 మోడళ్ల వరకే కాబట్టి ధర మాత్రం కొండెక్కి కూర్చుంది. నా మాట విని, మొదటి రోటరీ కారుగా, అంటే పిస్టన్లకు బదులు మూడు ముఖాల రోటర్లు తిరిగే ఇంజను ఉన్న కారుగా, దానికి ముందు తరం ఆర్‌ఎక్స్-7 అయిన ఎఫ్‌సీ తీసుకో.

రెండింటిలోనూ ఉన్నది 1308 సీసీ 13బీ ఇంజనే. తేడా అంతా ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బోల దగ్గర. ఎఫ్‌డీలో రెండు టర్బోలు వంతులవారీగా పనిచేస్తాయి. వేగం పెరిగాక రెండోది మొదటిదానికి తోడవుతుంది. ఆ వంతులు మార్చడానికి బానెట్ కింద సన్నని రబ్బరు గొట్టాల అడవే ఉంటుంది. వేడికి అవి బిరుసెక్కి చిట్లితే, గాలి ఎక్కడ పోతోందో వెతకడంలో నీ ఆదివారాలన్నీ హరించుకుపోతాయి. ఎఫ్‌సీలో ఉన్నది ఒకటే టర్బో. అసలు టర్బో లేనిదైతే ఇంకా హాయి. నేను పన్నెండేళ్లు నడిపింది అదే. 146 హార్స్‌పవర్‌తో ఎవరినీ ఓడించలేదు, ఓడించాలని అనిపించనూ లేదు.

ఏది కొన్నా, ఇంజను లోపలి గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూసే కంప్రెషన్ పరీక్ష చేయించకుండా బయానా ఇవ్వకు. మామూలు గేజీ రోటరు మూడు ముఖాల్లో బలమైనదాని అంకె చూపించి ఊరుకుంటుంది. రోటరీ పరికరం ఉన్న మెకానిక్ చేత రెండు రోటర్లవీ కలిపి ఆరు అంకెలూ కాగితం మీద రాయించుకో. ఒకే రోటరులో పక్కపక్క ముఖాల అంకెలు రెండు బాగా తగ్గి ఉంటే, రోటరు మూలల్లో గాలి కారకుండా ఆపే ఏపెక్స్ సీలును అనుమానించు. పొద్దున్నే వెళ్లి చల్లటి ఇంజను నీ ముందే స్టార్ట్ చేయించు. తెల్లటి పొగ ఎంతకీ ఆగకపోతే ఇంజనును చల్లబరిచే కూలెంట్ లోపలికి కారకుండా ఆపే సీలు పోయి ఉండవచ్చు. తర్వాత అరగంట నడిపి, ఆపి, వేడి మీద మళ్లీ తిప్పి చూడు. నీరసించిన రోటరీ అక్కడే మొండికేస్తుంది.

ఆయిల్ తాగుతోందని మాత్రం బెంగపడకు. సీళ్లు అరగకుండా పంపు కొంచెం కొంచెంగా లోపలికి పోస్తుంది, అది మండిపోతుంది. పెట్రోలు పోయించుకున్నప్పుడల్లా ఆయిల్ మట్టం చూసుకో.

ఇంకొకటి. చల్లటి ఇంజనును స్టార్ట్ చేసి నాలుగడుగులు కదిలించి వెంటనే ఆపేయకు. ఒక ఉగాది నాడు కారు కడుగుదామని గ్యారేజీలోంచి బయటికి తీసి ఆపాను. లోపల పెట్రోలు నిండిపోయి ఇక కదిలితే ఒట్టు. గుడికి పక్కింటివాళ్ల కారులో వెళ్లాం, పట్టుచీరతో మీ పెద్దమ్మ వెనక సీటు మధ్యలో ఇరుక్కుని.

పరీక్ష కాగితం ఫొటో తీసి పంపు, చూస్తాను. ధర మాత్రం పెద్దమ్మ దగ్గర ఎత్తకు.

ఇట్లు
పెదనాన్న