ఖడ్గవర్మ, జీవదత్తుల కథ రాసిందెవరు?

ప్రశ్న: నమస్కారమండీ. మా నాన్న పాత చందమామల్లోంచి పేజీలు విడదీసి, సూదీదారంతో కుట్టి దాచుకున్న ‘యక్షపర్వతం’ సీరియల్ మొన్న అటక మీద దొరికింది. ఖడ్గవర్మ, జీవదత్తుల వెంట పడి రెండు రాత్రులు నిద్రే పోలేదు, అయిపోగానే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను! ఎంత వెతికినా రచయిత పేరు కనపడలేదు. ఎవరండీ ఆయన?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పేరున్న పేజీ ఎక్కడో పోయిందనుకోకండమ్మా, ఆ సీరియల్స్‌కి పేరే వేసేవారు కాదు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం గారు. 1950ల మొదట్లో చందమామలో చేరి యాభై ఏళ్లకు పైగా అక్కడే పనిచేశారు, ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’ అన్నీ ఆయనవే, అయినా చదివి పెరిగినవాళ్లలో చాలామందికి ఆ పేరు తెలియదు, అది నాకు ఇప్పటికీ బాధే. బొమ్మలు చిత్రా గారివి. ఆ కత్తులూ, కోటలూ, మాంత్రికుల గడ్డాలూ ఒక్కో గీత ఆగి చూడండి. తర్వాత ‘రాకాసిలోయ’ పట్టుకోండి, కానీ రోజుకి ఒక్క భాగమే చదవండి. సరిగ్గా ప్రాణం మీదికొచ్చిన చోట ఆపేసేవారాయన, మేం నెలంతా టెన్షన్‌తో ఎదురుచూసేవాళ్లం.